మా పాప ఆవిడ మాటే వినేది

కడియంలో మా మొక్కల నర్సరీ వెనకే మా ఇల్లు. ఒకే ఆవరణలో రెండు వాటాలు. ముందు వాటాలో మేము, వెనక వాటాలో మా బావగారు, తోటికోడలు. ఆవిడకో కూతురు, నాకో కూతురు. ఇద్దరికీ నాలుగు నెలలే తేడా. ఆ జూన్‌లో ఇద్దరూ ఒకటో తరగతిలో చేరాలి.

ఆ వేసవంతా నేను మా తోటికోడలి మీద కుళ్ళుతో ఉడికిపోయాను. రాయడానికి సిగ్గేస్తోంది గానీ నిజం అదే. వాళ్ళమ్మాయి కనిపించిన ప్రతి షాపు బోర్డూ గడగడా చదివేసేది. యూకేజీలో టీచరు అడిగేదొకటి, మా పాప చెప్పేదొకటి. అదైనా ఓర్చుకునేదాన్నేమో. నేను మూడుసార్లు పిలిచినా తిరిగి చూడని పిల్ల, వాళ్ళ పెద్దమ్మ దగ్గరకొచ్చి ఒక్క మాట చెబితే లేచి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయేది. కథ ఆవిడ చెబితేనే వినేది. అన్నం ఆవిడ పెడితేనే తినేది. కన్నది నేను!

ఆ కసి బజారులో తీర్చుకున్నాను. రాజమండ్రి వెళ్ళి వాళ్ళమ్మాయి బ్యాగు కంటే మంచి బ్యాగు, వాళ్ళమ్మాయి బూట్ల కంటే మెరిసే బూట్లు తెచ్చాను. టీకాల కార్డు తీసి, మిగిలిన సూది కూడా ముందే వేయించి, "మా పాపకి అన్నీ అయిపోయాయక్కా. మీకింకా అవలేదా?" అని అడిగాను.

"రేపు తీసుకెళ్తానమ్మా" అంది ఆవిడ మామూలుగా. నా గొంతులోని ఎత్తిపొడుపు ఆవిడకి తగలనే లేదు. దానికి ఇంకా మండింది నాకు.

బడి తెరవడానికి పది రోజులుందనగా ఒక మధ్యాహ్నం, నేను ఫోనులో మొక్కల ఆర్డరు మాట్లాడుతుంటే ఆవిడ వచ్చి అరుగు మీద కూర్చుంది. నేను ఫోను పెట్టేదాకా ఆగి, "ఏమనుకోకు. పాపని ఒకసారి చెవుల డాక్టరు గారికి చూపించకూడదూ?" అంది.

"ఎందుకూ?"

"వెనకనించి పిలిస్తే పలకట్లేదమ్మా. ఎదురుగా కూర్చుని చెబితేనే తెలుస్తోంది దానికి. చలికాలంనించీ ఆ జలుబు వదల్లేదు కదా. బడి మొదలయ్యేలోపు చూపించేస్తే..."

"మీ అమ్మాయి బాగా చదువుతోందని మా పిల్లకి చెవుడు అంటగడతారా అక్కా?"

ఆవిడ మొహం పాలిపోయింది. లేచి వెళ్ళిపోయింది.

గెలిచాననుకున్నాను, సాయంత్రం దాకా. పాప వరండాలో అటు తిరిగి కూర్చుని బొమ్మకి రంగులేస్తోంది. నేను వెనక నిలబడి, మామూలు గొంతుతో "ఐస్‌క్రీమ్ తిందామా?" అన్నాను. రంగు పెన్సిలు ఆగలేదు. ఇంకోసారి అన్నాను. ఆగలేదు. ముందుకెళ్ళి కూర్చుని అదే మాటన్నాను.

"ఎప్పుడమ్మా?" అంటూ లేచి గంతులేసింది.

మర్నాడే నేనూ మా ఆయనా పాపని రాజమండ్రి తీసుకెళ్ళాం. అక్కకి చెప్పద్దని మా ఆయనకి గట్టిగా చెప్పాను. డాక్టరుగారు పరీక్షలు చేసి, "పదేపదే జలుబు చేసి చెవుల్లో, కర్ణభేరి వెనక నీరు చేరిందండి. చిన్నపిల్లల్లో చాలామందికి ఉంటుంది, ఎక్కువగా దానంతటదే తగ్గుతుంది. కొన్ని వారాలు చూద్దాం. ఈలోగా స్కూల్లో ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి. మీరు ఏం చెప్పినా ఎదురుగా కూర్చుని చెప్పండి" అన్నారు. తర్వాత పాప వంక చూసి నవ్వి, "ఇంట్లో ఎవరో అలాగే చెబుతున్నట్టున్నారే. పెదాలు బాగా గమనిస్తోంది" అన్నారు.

"మా వదినగారండి" అన్నారు మా ఆయన.

నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. పాప చెవుల కోసమే ఏడుస్తున్నానని ఇద్దరూ ఓదార్చారు. సగమే అందుకు. మిగతా సగం ఆ "వదినగారండి"కి. నేనేమో చెవి దగ్గర ఫోను పెట్టుకుని, నీళ్ళ మోటారు మోతలో, ఎటో చూస్తూ పిల్లని కేకేసి, పలకలేదని అలిగాను. ఆవిడ ప్రతిసారీ దగ్గరికొచ్చి, కూర్చుని మాట్లాడింది.

బడి తెరిచిన రోజు టీచరుకి విషయం చెబుదామని దారంతా మాటలు కూడగట్టుకుంటూ వెళ్ళాను. "పాపని ముందు బెంచీలోనే కూర్చోబెట్టానండి. వాళ్ళ పెద్దమ్మగారు నిన్న ఫోన్ చేసి చెప్పారు" అంది టీచరు. మా ఆయన నోట్లో ఏ మాటా దాగదు, అక్కకి చెప్పేసుంటారు. తల్లిగా నేను చెప్పాల్సిన ఆ ఒక్క మాటనీ అక్క లాగేసుకున్నట్టనిపించి, థాంక్స్ కూడా చెప్పకుండా ఇంటికొచ్చేశాను.

అయినా ఆవిడ దగ్గర నేర్చుకోవలసింది నేర్చుకున్నాను. అన్నం పెట్టేటప్పుడు ఫోను లోపల పడేసి, నేల మీద పాపకి ఎదురుగా కూర్చునేదాన్ని. మొదట్లో పాప కొత్తగా చూసింది. తర్వాత బడి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది.

రెండు నెలల తర్వాత నీరు పోయిందని డాక్టరుగారు చెప్పిన రోజు తిన్నగా వెనక వాటాకి వెళ్ళాను. "తగ్గిపోయిందక్కా" అన్నాను. అక్క చేతిలో పని వదిలేసి పాపని దగ్గరికి లాక్కుంది.

"ఆ రోజు నోరు జారాను" అన్నాను.

"పోనిద్దూ. ఇది నా పిల్ల కాదేంటి?"

ఆ మాట కూడా గుచ్చుకుంది. ఆవిడ లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చింది. గుచ్చుకుంటూనే ఉన్నా, ఈసారి లేచి వచ్చేయకుండా కూర్చుని తాగాను.