చంద్రి పోయినాక వచ్చిన బూదోడు

మా తాత చిన్నసుబ్బయ్య గొర్రెల ఇంట్లో పుట్టి గుర్రం పట్టినోడు. అన్నదమ్ములంతా మైలవరం పక్క మందలు మేపుకుంటూ బతికితే, తాత పద్దెనిమిదేళ్లకే జమ్మలమడుగు చేరి జట్కా కట్టాడు. "గొర్రెలకు ఒక మాట చెప్పాలంటే మందకంతా చెప్పాల. గుర్రమైతే ఒక్కదానికి చెప్తే సరిపాయ" అని కారణం చెప్పేవాడు. బస్టాండులో కూర్చుని వచ్చేపోయే జనాన్ని చూడడానికే ఆ పనిలో చేరాడని అవ్వ గురవమ్మ అనేది. ఇద్దరి మాటా నిజమే.

తాత బండికి పద్నాలుగేళ్లు ఒకటే గుర్రం, చంద్రి. ఎర్రటి ఒళ్లు, నుదుటి మీద తెల్లమచ్చ. ఊళ్లో ఎవరి ఇల్లు యాడుందో తాత కంటే దానికే బాగా తెలుసు. బస్సు దిగిన మనిషి ఎక్కి కూర్చుంటే, తాత బీడీ ముట్టించుకునే లోపల అది సగం దోవ పోయుండేది. తాత తోలేది తక్కువ, తోలుతున్నట్టు కనిపించేది ఎక్కువ.

అవి ఊరు రెండుగా చీలిన ఏళ్లు. పైవీధి వాళ్లదొక పార్టీ, కిందివీధి వాళ్లదొక పార్టీ. టీ అంగడి వేరు, మంగలి వేరు, పెళ్లి ఊరేగింపు పోయే దోవ కూడా వేరు. జట్కా మాత్రం అందరిదీ. పైవీధి మనిషి ముందర కూర్చుంటే, కిందివీధి మనిషి వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చునేవాడు. మధ్యలో ఉల్లిగడ్డల మూట. ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూడకుండా ఇల్లు చేరేవాళ్లు. జట్కావాళ్లకు ఒకటే కట్టుబాటు: ఏ పార్టీ జెండా కట్టకూడదు, ఏ పార్టీ మీటింగు కాడా బండి నిలపకూడదు. ఒక్కసారి నిలిపితే అవతలి వాళ్లు మళ్లీ ఆ బండి ఎక్కరు. చంద్రికి ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. గుంపు కనపడితే చాలు, తనంతట తానే పక్క సందులోకి తిరిగేది.

ఎలక్షన్లు వచ్చే ఏడు, నడి ఎండాకాలంలో, కడుపునొప్పి వచ్చి చంద్రి చచ్చిపోయింది. పెన్నేటి గట్టున పూడ్చిపెట్టి వచ్చిన తాత నెలరోజులు బండి జోలికి పోలేదు. పొద్దున్నే అలవాటు కొద్దీ ఉలవలు నానబెట్టేవాడు, ఆనక గుర్తొచ్చి అవ్వ మొగం చూసేవాడు. అవ్వ ఆ ఉలవలతోనే గుగ్గిళ్లు చేసి ఆయనకు పెట్టేది. ఇరవయ్యో రోజున అడిగేసింది.

"గుర్రం తిండి బాగానే తింటాండావు. గుర్రం పని ఎప్పుడు చేస్తావు?"

బస్టాండులో పక్క బండి తోలే వలి బాషా ఈ బాధ చూడలేక పులివెందుల పోయి, ఒక బూడిదరంగు మొగగుర్రాన్ని బేరం చేసి తెచ్చాడు. "తొమ్మిదేళ్లది మామా. యజమానికి మోకాళ్లు పట్టుకపోయి తోల్లేక అమ్మినాడు. దీంట్లో ఏ తప్పూ లేదు" అన్నాడు. ఆ చివరి మాట తర్వాత చానా రోజులు వలి బాషా మెడకు చుట్టుకుంది.

రంగును బట్టి దానికి బూదోడని పేరు పడింది. పాపం, అది ఏం చేసినా తప్పే. నీళ్లు చప్పుడు చేస్తూ తాగితే, "చంద్రి పెద్దింటి ఆడబిడ్డ మాదిరి తాగేది" అనేవాడు తాత. బెల్లం ముక్క పెడితే మూతి తిప్పుకుంది. ఆ పూట తాతా అన్నం దగ్గర మూతి తిప్పుకున్నాడు.

"రెండో పెళ్లాం ముందర మొదటి పెళ్లాం గొప్పలు చెప్పినట్టుండాది నీ యవ్వారం" అంది అవ్వ.

"ఇది మొగది గదే."

"ఏదైతే ఏంది. దానికీ మనసుంటాది."

బూదోడు వచ్చిన రెండో వారంలో ఎలక్షన్ మైకులు మొదలైనాయి. ఒక సాయంత్రం ప్రొద్దుటూరు బస్సు దిగి, గుడ్డలంగడి శెట్టిగారి ఇల్లాలు పార్వతమ్మ బండెక్కింది. మెయిన్ బజారు మలుపు తిరిగేసరికి పైవీధి పార్టీ మీటింగు జరుగుతోంది. మైకు గొంతు చెవిన పడగానే బూదోడు జనం మధ్యలోంచి తిన్నగా పోయి, స్టేజీ పక్కన నాలుగు కాళ్లూ పాతినట్టు నిలబడింది. నాలుక తట్టినా కదల్లేదు, పగ్గం గుంజినా కదల్లేదు. తాత చర్నాకోల ఎత్తాడు, మళ్లీ దించాడు. చంద్రి మీద పద్నాలుగేళ్లు ఎత్తే పని పడక, ఆ చెయ్యి కొట్టడం మరిచిపోయింది. గంటసేపు ఉపన్యాసం పూర్తిగా విన్నాడు. అందరూ చప్పట్లు కొడితే, పార్వతమ్మ భయానికి తానూ కొట్టింది. మైకు ఆగినాకే బూదోడు కదిలింది.

మర్నాటికల్లా ఊరంతా ఒకటే మాట: చిన్నసుబ్బయ్య పైవీధిలో చేరినాడు, ముందు వరసలో బండి పెట్టుకుని మరీ విన్నాడు. కిందివీధి వాళ్లు నెత్తిన మూటలు పెట్టుకుని నడిచిపోయారు గానీ బండి ఎక్కలేదు. పైవీధి వాళ్లు అంతకంటే పెద్ద చిక్కు తెచ్చారు. నలుగురు మనుషులు బస్టాండుకు వచ్చి బండి చుట్టూ నిలబడ్డారు.

"చేరినావంట గదప్పా. జెండా కట్టేదానికి సిగ్గేంది?"

"నేను చేరలేదప్పా, గుర్రం చేరింది" అన్నాడు తాత.

వాళ్లలో ఒక్కడూ నవ్వలేదు. రెండు రోజుల్లో జెండా తెస్తామని చెప్పి పోయారు. జెండా కడితే సగం ఊరు పోతుంది. కట్టనంటే ఏం పోతుందో ఆ ఏళ్లలో అందరికీ తెలుసు.

"ఈ గుర్రాన్ని వాపసు ఇచ్చేసి రా పో" అంది అవ్వ. అప్పటికే తాత చొక్కా తొడుక్కుంటున్నాడు.

ముందు మాట తేల్చుకుందామని గుర్రాన్ని ఇంటికాడే వదిలి, వలి బాషాను వెంటబెట్టుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సులో పోతున్నంతసేపూ, బూదోడి పాత యజమానిని తిట్టాల్సిన తిట్లు వరసగా వలి బాషా మీద వేసి చూసుకున్నాడు. ఆ యజమాని పేరు కృష్ణయ్య. వీధరుగు మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. వీళ్లెవరో తెలియగానే లేవబోయాడు, మోకాళ్లు లేవనీయలేదు.

"బాగుండాడా వాడు? తింటాండాడా?"

తాత తెచ్చుకున్న తిట్లు ఆడికాడికి ఆగిపోయినాయి. జరిగిందంతా మామూలుగానే చెప్పాడు. కృష్ణయ్య తల పట్టుకున్నాడు.

"తప్పు నాదేనప్పా, చెప్పాల్సింది. రెండు ఎలక్షన్లకు నా బండికే మైకు కట్టినారు. నెత్తిన మైకు, ఎనక టపాకాయలు. మొదటిసారి బెదిరిపోయి బండిని కాలవలో పడేసినాడు. ఆ పొద్దుట్నుంచి మైకు మోగితే నేను దిగి, మెడ మీద చెయ్యేసి నిలబడతాంటి. చెయ్యి పడితే యాడికైనా నడుస్తాడు. లేకుంటే నేను ఆడుంటానని మైకు కాడికే పోతాడు, నేను వచ్చేదాకనో మైకు ఆగేదాకనో కదలడు. నువ్వు దిగినావా?"

"నేనెందుకు దిగుతాను?"

"పోనీ, ఎప్పుడన్నా మెడ నిమిరినావా?"

తాత ఆలోచించాడు. గడ్డిచుట్టతో ఒళ్లు తోమాడు, నాడాలు కొట్టించాడు, ఉలవలు పెట్టాడు. చెయ్యి మాత్రం ఆనించలేదు. ఆనిస్తే చంద్రి ఏమనుకుంటుందోనని. ఈ మాట పైకి చెప్పలేదు కాబట్టి పరువు దక్కింది.

"నిమరలేదు" అన్నాడు.

"వాపసు ఇస్తానంటే తీసుకుంటా. సాకే శక్తి లేదు గానీ తీసుకుంటా" అన్నాడు కృష్ణయ్య. ఆనక ఊరికే అడిగినట్టు అడిగాడు. "నేను గుర్తుండానా వానికి?"

బూదోడు రోజూ పొద్దుగూకే ముందు ముద్దనూరు దోవ పక్క తిరిగి చెవులు నిక్కించి నిలబడేది. అది గాలి కోసమని తాత ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"శానా గుర్తుండావప్పా" అన్నాడు.

తిరుగు బస్సులో వలి బాషా, "మామా, గుర్రం వాపసు సంగతే ఎత్తలేదే నువ్వు" అన్నాడు. తాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "గమ్మున కూర్చో" అన్నాడు.

చెప్పినట్టే పైవీధి వాళ్లు రెండో రోజు సాయంత్రం జెండాతో వచ్చారు. బండిలో అప్పుడే పార్వతమ్మ సంచులతో సహా సర్దుకుంది. జెండా కర్ర బండికి ఆనించబోతుండగా, కిందివీధి పార్టీ జీపు మైకు మోగించుకుంటూ బస్టాండు మలుపు తిరిగింది. బూదోడు కొయ్యబారిపోయింది. తాత ఒక్క దూకున దిగి దాని మెడ మీద చెయ్యేశాడు.

మెడ కంపిస్తోంది. చూసేవాళ్లకు రాతిగుర్రం మాదిరి ఉందే గానీ, అరచేతి కింద చర్మం అలలు అలలుగా వణుకుతోంది. మొండితనం అనుకున్నదంతా భయం.

"నేనుండా" అన్నాడు తాత. ఇంకేం చెప్పాలో తెలియక మళ్లీ అదే మాట అన్నాడు. "నేనుండా లే."

జెండా పట్టుకున్న మనిషి గుర్రాన్నీ జీపునూ మార్చి మార్చి చూశాడు. "ఇదేంది, వాళ్ల మైక్కి కూడా నిలబడ్తాందే."

"దానికి ఏ పార్టీ మైకైనా ఒకటే అప్పా. టపాకాయలకు బెదిరిన ప్రాణం. చెయ్యేసి చూడు, ఎట్ల వణుకుతాందో."

ఆ మనిషి చెయ్యేసి చూశాడు. జీపులోని కిందివీధి వాళ్లూ మెడలు చాచి చూశారు. "మైకు ఆపండ్రా, గుర్రం భయపడ్తాంది" అని వాళ్లలో ఎవడో అన్నాడు. ఆ ఊళ్లో గొడవ లేకుండా మైకు ఆగడం అదే మొదలు. ముందు పార్వతమ్మ నవ్వింది, తర్వాత జీపు నవ్వింది, ఆపుకోలేక చివరికి జెండా మనిషి కూడా నవ్వాడు. "గుర్రమే చేరిందని చెప్తే నువ్వు ఎగతాళి చేస్తాండావనుకుంటిమి గదప్పా" అని జెండా చుట్టుకుని చంకలో పెట్టుకున్నాడు. బండి ఏ పార్టీదీ కాదని తేలిపోయింది. కిందివీధికి పోవాల్సిన ఒక ముసలాయన జీపు వాళ్లు చూస్తుండగానే మూట ఎత్తి పార్వతమ్మ సంచుల పక్కన పెట్టి, వెనక ఎక్కి కూర్చున్నాడు.

తాత మెడ మీది చెయ్యి తియ్యకుండా నడుస్తూ, బండిని బస్టాండు దాటించాడు. మెయిన్ బజారు దాటింది. శెట్టిగారి వీధి వచ్చింది. మైకు ఆగి చానాసేపైంది.

"ఇంగ ఎక్కి కూర్చో సుబ్బయ్యా, ఎంత దూరం నడుస్తావు" అంది పార్వతమ్మ.

"ఎక్కుతా లేమ్మా" అన్నాడు తాత. "వానికి ఇంగా గుండె కొట్టుకుంటాంది."