నా బదులు మాట పడ్డ పిన్నిగారు

మొన్న నవంబరులో, బతికే ఉన్నానని కాగితమిచ్చి రావడానికి ఇందిరాపురంలో మా బ్యాంకుకు వెళ్ళాను. పింఛను తీసుకునేవాళ్ళకు ఏటా తప్పని తతంగం అది. నా ముందు నిలబడ్డ ముసలావిడ ఊదారంగు స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్ది, కాగితం మీద నొక్కి, వేలికి మిగిలిన సిరాను అలవాటుగా జుట్టుకు తుడుచుకుంది. ఆ సిరా వాసన తగిలేసరికి నా వంతు వచ్చినా కదలలేకపోయాను. వెనకాయన "అంకుల్, ఆగే బఢియే" అని భుజం తట్టాల్సి వచ్చింది. నాకు అది సత్యవతి పిన్నిగారి వరండా వాసన.

డెబ్బైల చివర్లో నేను దేశ రాజధానిలో, ఆర్కే పురం కాలనీలో మా అన్నయ్య క్వార్టర్లో ఉంటూ, ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో టైపిస్టుగా కొత్తగా చేరాను. కింది వాటాలో సత్యవతిగారు ఉండేవారు. ఏలూరు మనిషి, యాభై ఆరేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. నాకు ఏ చుట్టమూ కాకపోయినా కాలనీలో తెలుగువాళ్ళందరికీ ఆవిడ పిన్నిగారే. వారమంతా ఆఫీసులో ఫైళ్ళతో వేగి, ఆదివారం పొద్దున మళ్ళీ కాగితాలే ముందేసుకునేవారు. క్వార్టర్ల వెనక గుడిసెల్లో పాలమూరు నుంచి మట్టిపనికీ ఇళ్ళ కట్టుబడికీ వచ్చిన కుటుంబాలుండేవి. వాళ్ళలో ముసలివాళ్ళు, భర్త పోయినవాళ్ళు పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంటే వయసు రుజువు లేదనో, చిరునామా సరిగా లేదనో తిరిగొచ్చేది. అలా కొట్టేసిన కాగితం పట్టుకుని పిన్నిగారి మెట్లెక్కేవారు. పై అధికారికి అప్పీలు ఆవిడ ఇంగ్లీషులో చెబితే నేను టైపు కొట్టేవాణ్ణి. మొదట్లో ఆవిడ వేసే పెసరట్ల కోసమే వెళ్ళానని ఒప్పుకోవాలి.

ఆవిడకొక పద్ధతి ఉండేది. టైపైన ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పి, వచ్చినవాళ్ళ చేత మళ్ళీ చెప్పించుకున్నాకే వేలిముద్ర వేయించేవారు. వాళ్ళు సరేనని తలూపితే ఒప్పుకునేవారు కాదు. "తలూపకు. అందులో ఏముందో నాకు చెప్పు," అనేవారు. ఒక్క కాగితానికి గంట పట్టేది. ఒకసారి నేను విసుక్కుని, "వాళ్ళకేం తెలుస్తుంది పిన్నిగారూ, పింఛనొస్తే చాలు కదా," అన్నాను. "కాగితం వాళ్ళది మూర్తీ. మనం రాసిపెట్టేవాళ్ళం, అంతవరకే," అన్నారు. నాకది ఒట్టి చాదస్తంగా తోచింది.

ఎల్లమ్మకు అరవై అయిదు దాటి ఉంటాయి. తట్టలు మోసి మోసి మెడ ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆమె దరఖాస్తును వయసు రుజువు లేదని కొట్టేశారు. అప్పీలుకు నెల గడువు. డాక్టరు దగ్గర వయసు కాగితం సంపాదించేసరికి నాలుగు రోజులే మిగిలాయి. సరిగ్గా అప్పుడే అన్నగారికి బాగాలేదని పిన్నిగారు ఏలూరు వెళ్ళాల్సి వచ్చింది. "నేను చూసుకుంటాను లెండి," అని స్టేషనులో గొప్పగా చెప్పాను.

ఎల్లమ్మకు బాలయ్య అని ముప్పై ఏళ్ళ కొడుకు. కట్టుబడి పనిలో పైనుంచి పడి, నడుము విరిగి, మూడేళ్ళుగా మంచంలో ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళ గుడిసెకు వెళ్ళినప్పుడు నాకు చాయ్ పెట్టమని తల్లికి చెప్పింది అతనే. కానీ ఎదిగిన కొడుకుంటే పింఛను రాదని నిబంధన. మంచాన పడ్డ కొడుకైతే ఆసుపత్రి కాగితం జతచేస్తే సరిపోతుందని నాకు తెలియదు, ఎవరినైనా అడుగుదామనీ అనుకోలేదు. మహా తెలివైన పని చేస్తున్నాననుకుని 'సంతానం లేదు' అని టైపు కొట్టాను. చదివి వినిపించలేదు.

"ఏం రాసినవు బిడ్డా?" అని అడిగింది ఎల్లమ్మ.

"నీకు పింఛనొచ్చేటట్టు రాశాలే. వెయ్యి," అన్నాను. ఆమె వేలిముద్ర వేసింది.

మూడు వారాలకు విచారణకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మంచం మీదున్న మనిషిని చూసి, "యే కౌన్ హై?" అన్నాడు. "మేరా బేటా," అంది ఎల్లమ్మ. ఆయన అప్పీలు తీసి, కాగితంలో మాత్రం పిల్లలే లేరని ఉందని హిందీలో చదివి చెప్పి వెళ్ళాడు. ఉన్న కొడుకును దాచి అబద్ధం చెప్పినందుకు అప్పీలు తోసిపుచ్చామని తరువాత ఉత్తరం వచ్చింది.

పిన్నిగారు తిరిగొచ్చిన ఆదివారం వరండాలో ఏడెనిమిది మంది ఉన్నారు. ఎల్లమ్మ మెట్లెక్కలేదు. కింద నిలబడే అడిగింది. "బతికున్న కొడుకును కాయితంల సంపిన్రా అమ్మా? ఆ సారు సదువుతుంటె వాడు మంచంల పండుకోని ఇన్నడు. రెండొద్దులు బువ్వ ముట్టలే."

పిన్నిగారికి క్షణంలో అర్థమైంది. నా వైపు చూశారు. నేను తల దించుకుని టైపు మిషను మీది గుడ్డ సర్దుతున్నాను.

"తప్పు నాదే ఎల్లమ్మా," అన్నారు ఆవిడ. "ఇంకా పైకి రాసుకోవచ్చు. బాలయ్య సంగతంతా పెట్టి మళ్ళీ రాద్దాం."

"ఈ పిలగానికేమెరుక, మీరు ఊరికి పోంగ చెప్పిందె కొట్టిండు. మీ కాయితం మీద మల్ల నేను ఏలు వెట్ట," అని ఎల్లమ్మ వెళ్ళిపోయింది. ఆమె అన్నంత పనీ చేసింది. పిన్నిగారు ఆసుపత్రి కాగితం తానే సంపాదించి మూడుసార్లు ఆ గుడిసెకు వెళ్ళారు. మూడుసార్లూ ఎల్లమ్మ మొహం తిప్పుకుంది. పై అప్పీలు గడువు కూడా దాటిపోయింది.

ఆవిడ నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేదేమో. చివరికి నేనే అడిగాను, నా తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారని.

"రెండేళ్ళలో నేను రిటైరై ఏలూరు పోతాను. తరువాత వీళ్ళకు రాసిపెట్టేది నువ్వే. నిన్ను నమ్మకపోతే ఎక్కడికెళ్తారు?" అన్నారు.

"పోనీ, ఎల్లమ్మకు నేను నిజం చెప్పనా?"

పిన్నిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది నన్నడిగి చేసే పని కాదు నాయనా," అన్నారు.

రేపు వెళ్దాం, వచ్చే వారం వెళ్దాం అనుకుంటూ గడిపేశాను. మరుసటి చలికాలం ఎల్లమ్మ పోయింది. బాలయ్యను ఊరివాళ్ళు పాలమూరు తీసుకెళ్ళారు. పిన్నిగారు అన్నట్టే, ఆవిడ వెళ్ళాక ఆ పని నా చేతికొచ్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రాశాను. ప్రతి వాక్యం చెప్పించుకున్నాకే వేలు పట్టుకున్నాను. పింఛనొచ్చినవాళ్ళు చల్లగా ఉండమని దీవిస్తే ఎటు చూడాలో తెలిసేది కాదు. పిన్నిగారు కన్నుమూసి కూడా చాలా ఏళ్ళయింది. ఆవిడను తలుచుకుని ఏడ్వాలన్నా నాకు మొహం చెల్లదు. ఎల్లమ్మ ఆ ఆదివారం తరువాత పది నెలలు బతికింది. మా క్వార్టరు నుంచి ఆమె గుడిసెకు అయిదు నిమిషాల నడక.