కాంపౌండరు గారి వంకాయరంగు తీగ

మత్తయిగారి నోట మంచిమాట రాదు. ఏలూరులో ఆ వీధి వీధంతా ఒప్పుకున్న సంగతి ఇది. మనిషి చెడ్డవాడని కాదు, చీమ ఎదురొచ్చినా పక్కకు తప్పుకునే మనిషే. కానీ ఏదైనా సరే, బాగుపడుతుందని మాత్రం చచ్చినా అనరు. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్న రోజుల్లో, జలుబని వచ్చినవాడికి మందు కలుపుతూ, "పిల్లలెంతమందండీ?" అని జాలిగా అడిగేవారు. ఆ దెబ్బకి ఆయన కలిపిచ్చిన మందు ఒక్క మోతాదు మానిన రోగి ఆ ఆసుపత్రి చరిత్రలో లేడు.

రిటైరయ్యాక రోగులు కరువై, ఆ దిగులంతా ఒక మొక్క మీదికి మళ్లింది. వంకాయరంగు ఆకులు, పట్టుకుంటే పుటుక్కున విరిగే కాడ, కుండీ అంచు దాటి కిందికి వేలాడే తీగ. దాని అసలు పేరేమిటో ఆయనకూ తెలియదు. జానెడు ముక్క విరిచి, తడిగుడ్డలో చుట్టి, జేబులో వేసుకు తిరిగేవారు. ఎవరింటికెళ్తే వాళ్ల చేతిలో పెట్టి, "ఉంచండి. బతకదులెండి" అనేవారు.

అది బతక్కపోవడమేమిటి! మట్టి తగిలితే చాలు, కణుపు కణుపునా వేరు పోసేది. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమస్తా డాబా మీంచి దిగి, ప్రహరీ దాటి, పక్కింటివాళ్ల తులసికోట ఎక్కి కూర్చుంది. ఆ గుమస్తా రైలెక్కి వచ్చి, "గోడంతా పాకేసిందండీ బాబూ!" అని మొరపెట్టుకుంటే, మత్తయిగారు నిట్టూర్చి, "ఆరిపోయే దీపానికి వెలుగెక్కువండి" అన్నారు. ఒక పెళ్లిలో వధూవరుల చేతుల్లో ఈ ముక్కే పెట్టి, "నెల తిరక్కుండా పోతుందిలెండి" అంటే, పెళ్లికూతురి మేనత్త భోజనం మానేసింది.

ఇలాంటి మనిషి ఇంట్లో వెనక వాటాలోకి అద్దెకు దిగడం సుబ్బలక్ష్మి తలరాత. రెండువేల ఆరులో, కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్లు పొక్లెయిన్లతో తవ్వేసిన వేసవి అది. మండవల్లి దగ్గర ఆమె భర్త గంగాధరరావుకూ చెరువుండేది. నీళ్ల రంగు చూసి చేప ఆకలి చెప్పగల మనిషి ఆయన. గట్టు తెగి చెరువు కొల్లేట్లో కలిసిపోతుంటే నిలబడి చూశాడు. ఏలూరొచ్చాక కూర్చున్నాడు. చీకటి గదిలో, పడక్కుర్చీలో, గోడకేసి చూస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు.

"లేవండీ, అలా బజారుకెళ్లొద్దాం" అనేది సుబ్బలక్ష్మి.

"వెళ్లి ఏం చెయ్యాలే?" అనేవాడు.

ఆయన్ని ఒక్కణ్ని వదిలి కూరలకెళ్లాలంటే ఆమెకి భయం. సగం దూరం వెళ్లి, సంచీ ఖాళీగానే పరుగున వెనక్కొచ్చేది. చుట్టాలొచ్చి, "అంతా మన మంచికేరా" అని చెప్పి, కాఫీ తాగి వెళ్లేవారు. వాళ్లు వెళ్లాక ఆయన ఇంకాస్త గోడవైపు తిరిగేవాడు.

ఆ గదిలోకి ఒకరోజు మత్తయిగారు వచ్చారు, జేబులో తడిగుడ్డతో.

"గంగాధరరావుగారూ, ఇది ఉంచండి. బతకదనుకోండి. ఈ గదిలో వెలుతురు లేదు, మీకు ఓపిక లేదు. ఎల్లుండి పారేద్దురుగాని."

సుబ్బలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. పుండు మీద కారం చల్లడానికి వేరే ఇల్లు దొరకలేదా ఈయనకి! పైకి మాత్రం, "కూర్చోండి బాబాయిగారూ" అంది. ఇంటివారు కదా.

అంతలో గంగాధరరావు మెడ తిప్పాడు. "నీళ్లెంత పొయ్యాలండీ?"

"ఎంత పోస్తే ఏముందండీ, పోయేదానికి!" అంటూ మత్తయిగారు వెళ్లిపోయారు.

చెరువు మనిషి మొక్కని చెరువులాగే పెంచాడు. కొల్లేటి రైతులు సంచులకు చిల్లులు పొడిచి, తవుడూ వేరుశనగ చెక్కా నింపి, చేపల మేతకని నీళ్లలో కర్రలకు కడతారు. ఈయన బకెట్టు నిండా నీళ్లు పోసి తీగ అందులో పడేసి, ఖాళీ పాల ప్యాకెట్టుకి చిల్లులు పొడిచి, తవుడూ చెక్కా కూరి, పుల్లకు కట్టి వేలాడదీశాడు. రెండు రోజుల్లో కంపు వీధి చివరిదాకా వెళ్లింది. పిల్లులన్నీ చేపలున్నాయనుకుని గడప ముందు బారులు తీరాయి.

మత్తయిగారి భార్య హన్నమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏమ్మా, వెనకాల ఏదైనా చచ్చిందా?"

వెనకే మత్తయిగారు. "కాడ కుళ్లిందండీ. నే చెప్పలా?"

గంగాధరరావు రోషంగా కత్తి అందుకున్నాడు. కుళ్లినమేర కోసేసి, మిగిలిన కొస మట్టిలో గుచ్చాడు. అది నాటుకుంది. కానీ చీకటికి ఆకుల వంకాయరంగు పోయి, పాలిపోయిన పచ్చరంగొచ్చింది. కాడ సన్నగా సాగింది.

"ఎండ తగిలితే రంగొస్తుందంటారు గానీ, ఎండలోకి ఎవరు మోస్తారండీ? మీరా?" అని మత్తయిగారు గుమ్మంలోంచే పెదవి విరిచారు.

ఆ పూటే కుండీ కిటికీ దగ్గరికి జరిగింది. మర్నాడు వసారాలోకి, ఆపైన పెరట్లోకి. ఎండ జరిగితే కుండీ జరిగేది, కుండీ జరిగితే కుర్చీ జరిగేది. ఆకుల అంచుల్లో ఊదా తిరిగొచ్చింది. సుబ్బలక్ష్మి ఊపిరి పీల్చుకుని, ఒకసారి కూరలు పూర్తిగా బేరమాడి మరీ కొనుక్కొచ్చింది.

అంతలో ఆషాఢం ముసురు పట్టింది. ఎండ మాయం. కుర్చీ మళ్లీ గోడ దగ్గరికెళ్లింది. కుండీ వసారాలోనే ఉండిపోయింది. ఆయన అన్నం ముద్ద చేతిలో పట్టుకుని తినడం మర్చిపోతుంటే, ఇంక నావల్ల కాదనుకుంది సుబ్బలక్ష్మి. పొద్దున్నే హన్నమ్మ దగ్గర ఏడవడానికి ముందు వాటాకు వెళ్లింది. లోపల కుటుంబ ప్రార్థన జరుగుతోంది. గుమ్మంలో ఆగిపోయింది.

"తండ్రీ, వెనక వాటా గంగాధరరావుగారి సంగతి" అంటున్నారు మత్తయిగారు. "కుర్చీ మళ్లీ గోడ దగ్గరికెళ్లింది. నాకేం నచ్చలేదు. ఆయన లేస్తారు, అందులో అనుమానం లేదు. ఎక్కడ తెగితే అక్కడే వేరు పోసే మనిషి. కాస్త వాన ఆపించు, మిగతాది నేను చూసుకుంటాను. ఆమెన్."

ఈ నోరేనా ఆ నోరు, అనుకుంది సుబ్బలక్ష్మి. హన్నమ్మ బయటికొచ్చి, ఆమెను చూసి గతుక్కుమంది.

"విన్నావా! మీ ఆయనకి చెప్పకమ్మా, పుణ్యముంటుంది. దిగులుపడ్డోడికి మంచిమాట చెబితే ఏడుస్తాడంట, కోపం తెప్పిస్తే లేస్తాడంట. ఆసుపత్రిలో నేర్చిన వైద్యం ఇది. ఇంటికొచ్చి మాత్రం దేవుడితో దెబ్బలాడతారు."

సుబ్బలక్ష్మి కళ్లు తుడుచుకుంది. ఏడుపు సంగతి మర్చిపోయి, వెనక వాటాకు వచ్చి, కుర్చీ ముందు నిలబడి, పెళ్లయ్యాక మొదటిసారి మొగుడితో నిలువునా అబద్ధమాడింది.

"మత్తయిగారు ఇప్పుడే అన్నారండీ. ఈ ముసురుకి మొక్క పోయినట్టేనంట. మీరింక గేటు కూడా దాటరంట."

"ఎవరు? నేనా?" గంగాధరరావు లేచాడు. వసారాలోకెళ్లి, కుండీలో వేలు గుచ్చి, మట్టి వాసన చూశాడు. "మొక్కదేం తప్పులేదే. మట్టిలో సారం లేదు. కొల్లేటి ఒండ్రు పడాలి దీనికి. మండవల్లి వెళ్లి సంచెడు తెస్తా. చూస్తారు కాంపౌండరు గారు!"

గోనెసంచి చంకన పెట్టి, గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"నా చెప్పులేవే?" అన్నాడు.

పరుగున తెచ్చిచ్చింది. ఆయన సన్నటి తుంపర్లో బస్టాండు వైపు విసవిసా నడిచి మలుపు తిరిగాడు.

ముందు వాటా వసారాలో మత్తయిగారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఆమె చూస్తోందని గమనించి, మొహం వేలాడేసి, "ఈ వానలో ఎక్కడికమ్మా! బస్సు దొరకదు" అన్నారు.

"దొరకదులెండి బాబాయిగారూ. దొరికినా దారిలో ఆగిపోతుంది" అంది సుబ్బలక్ష్మి, అచ్చం ఆయనంత దిగులుగా.

మత్తయిగారు ఉలిక్కిపడి ఆమెవంక చూశారు. తర్వాత ఆయన వీధివైపు, ఆమె పెరటివైపు చటుక్కున తిరిగిపోయారు, నవ్వు ఒకరికొకరు కనపడకుండా.