కిటికీ పక్క బెంచీ

నోట్లో పిన్నులుంటేనే జమున పనిలో ఉన్నట్టు. పొద్దున్నే నాంపల్లి నుంచి నడిచొచ్చి, ఆబిడ్స్ చీరల దుకాణంలో అద్దాల వెనక బొమ్మలకు చీరలు కడుతుంది. "సక్కగ నిలవడే తల్లీ" అని పెదాలు కదపకుండానే బొమ్మల్ని గదమాయిస్తుంది. కట్టాక రోడ్డు దాటి, తను చదివిన బడి గేటు దగ్గర నిలబడి, తల పక్కకు వంచి చూసుకుంటుంది. కుచ్చిళ్లు నచ్చకపోతే మళ్లీ ఒకటే పరుగు.

నిన్న ఒక పెద్దావిడ జమున చీర కట్టిన ఒక బొమ్మను చూసి దుకాణంలోకి వచ్చింది. ఒకప్పటి లెక్కల టీచరు వసుమతి మేడం! జమున పిన్నులు చేతిలోకి తీసుకుని, చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

"ఇది నువ్వు కట్టిందేనా? ఒక్క లెక్క చేసినావే క్లాసుల? రోజూ బెంచీ ఎక్కించినా దిక్కులు చూస్తుంటివి. గీ పని ఎక్కడ నేర్చినవ్?"

"మీ క్లాసులనే మేడం. కూసుంటె కిటికీలకెళ్లి ఏం కనబడకపోతుండె. బెంచీ ఎక్కితెనే గీ దుకాణం బొమ్మలు కనబడుతుండె."

మేడం కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. ఆ చీరే తనకూ అట్లాగే కట్టి చూపమంది. జమున పిన్నులు మళ్లీ పెదాల మధ్య బిగించి, అంచు సరిచూడటానికి పొట్టి స్టూలు ముందుకు లాగింది.

"జర ఎక్కి నిలవడున్రి మేడం."