వట్లూరు గోడౌన్ ఆయన

వట్లూరులో గోడౌన్ నడిపే ఆ పెద్దమనిషి చేతులు కడుక్కుని, తువ్వాలుతో తడి తుడుచుకున్నాకే మా తివాచీలను ముట్టుకునేవారు. మడత పెట్టనిచ్చేవారు కాదు, మెల్లగా చుట్టించేవారు.

మా నాన్నగారు ఏలూరులో చేత్తో నేసే ఆ చిన్న తివాచీలను నేను ఆన్‌లైన్‌లో అమ్మేదాన్ని. ఆర్డర్లు పెరిగాక ప్యాకింగ్ మా వల్ల కాక, సరుకంతా ఆయనకు అప్పగించాం. ఆర్డరు రాగానే ఆయనే పెట్టెలో సర్ది పంపేవారు. "మనకన్నా బాగా చూసుకుంటున్నారమ్మా," అని నాన్నగారు మురిసిపోయేవారు.

ఒకరోజు తాడేపల్లిగూడెం నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "ఏవండీ, ఇది చేత్తో నేసిందేనంటారా?" అని అడిగారు. నేనే వెళ్లి దాన్ని తెచ్చాను. నాన్నగారు తిరగేసి చూశారు. చేత్తో నేస్తే వెనక కనిపించాల్సిన ముడి ఒక్కటీ లేదు, జిగురుతో అంటించిన గుడ్డ ఉంది. అంచున మాత్రం మా పేరున్న పట్టీ కుట్టి ఉంది.

ఇద్దరం గోడౌన్‌కి వెళ్లాం. ఆయన కుర్చీలు వేయించారు. తివాచీ ముందు పెడితే బుకాయించలేదు.

"మిషన్‌వి పంపానండీ. ఫోన్‌లో చూసి కొనేవాళ్లకి తేడా తెలీదు కదండీ."

"మరి మావి?" అన్నారు నాన్నగారు.

"పెద్ద షాపులకి ఇస్తున్నానండీ, మా సొంత మగ్గం మీదవని చెప్పి."

మిగిలిన తివాచీలను ఆటోలో వేసుకుని బయల్దేరాం. కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి నిజం చెప్పేద్దామన్నాను. నాన్నగారు తలూపారు.

"తెలీనివాడు చేస్తే సరిపెట్టుకునేవాణ్ణమ్మా. ఆయనకి వాటి విలువ తెలుసు."