గుంజకు కట్టిన కొంగు

ఈ రోజు పొద్దున మా పాప బడికి పోతూ గడపలో కూర్చుని బూట్ల తాడు కట్టుకుంటోంది. ఇప్పుడు రెండో తరగతి. నేను వంగి చెయ్యి పెట్టబోతే పక్కకు నెట్టేసింది. "నేనే కట్టుకుంటా. నువ్వు పోయి మగ్గంలో కూచో" అంది. అది వేసిన ముడి మామూలు బూటు ముడి కాదు, పోగు తెగినప్పుడు మేం వేసే ముడి. కిటుకు తెలియకుండా లాగితే ఇంకా బిగుసుకుంటుంది. దాన్ని చూసేసరికి నాకు ఆ మధ్యాహ్నం గుర్తొచ్చి, పాప వీధి మలుపు తిరిగాక కూడా గడపలోనే నిలబడిపోయాను.

ధర్మవరంలో మాది ఒకటే పొడుగాటి గది. సగానికి పైగా మగ్గానిది, మిగిలింది మాది. ఇంటికి చుట్టాలొస్తే మగ్గానికి ఒక చుట్టు తిరిగితే తప్ప మంచినీళ్ళ దగ్గరికి పోలేరు. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి పట్టుచీర నేస్తూ కూర్చుంటే ఊరికే ఊరికే లేవడానికి ఉండదు. అందుకని నడక వచ్చిన పిల్లలకు మా ఇంట్లో పాత చీర పేలిక నడుముకు కట్టి, రెండో కొస మగ్గం గుంజకు కట్టేవాళ్ళు. గుంతలో పడకూడదు, పోగులు పీకకూడదు, వీధిలోకి పోకూడదు. ఆ గుంజకు మోకాలెత్తున ఒక గాడి పడి ఉంది. మా అత్త పట్టుపోగును కండెలకు చుట్టుకుంటూ దాన్ని చూపించి మురిసిపోయేది. "నీ మొగున్ని గూడా ఈడ్నే కట్టేసినా. ఒక్కనాడన్నా విప్పుకున్న్యాడా?" అనేది. ఇప్పటికీ విప్పుకోలేదు కదత్తా అని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. నా సంగతి మాత్రం ఏం గొప్ప? పెళ్ళయి వచ్చిన కొత్తలో, పని లేకపోయినా వీధి చివరి దాకా పోయి రావాలని ఉండేది. లేచి నిలబడగానే "యాడికి?" అనేవాళ్ళు. ఊరికే అని చెప్పడానికి ధైర్యం చాలక మళ్ళీ కూర్చునేదాన్ని. మా గదిలో మధ్యాహ్నాలు ఊపిరాడేవి కావు. వాన మొహం చూడని ఊళ్ళో ఆ రేకుల కప్పు కింద ఎండ ఎట్లుంటుందో చెప్పనక్కర్లేదు కానీ, నాకు ఉక్క ఎండ వల్ల మాత్రమే కాదు.

పాప ఏడ్చేది కాదు. నాకు భయం కూడా అందుకే. ఏడ్చే పిల్లను ఓదార్చవచ్చు, ఆలోచించే పిల్లతో ఏం చేయగలం? నేను గుంతలో కూర్చుంటే దాని ముఖమూ నా ముఖమూ ఒకే ఎత్తున ఉండేవి. పిల్లలందరూ పోగును లాక్కుంటూ నాడె అటూ ఇటూ ఉరకడం చూస్తారు. ఇది నా వేళ్ళు చూసేది. మామూలు ముడి వేస్తే విప్పుకుంది. రెండు ముళ్ళు వేస్తే పళ్ళతో విప్పుకుంది. విసుగెత్తి చివరికి పోగు ముడి వేశాను, అదీ దాని కళ్ళెదుటే, నిదానంగా. ఆ తర్వాత కొన్నాళ్ళు పాప గమ్మున కూర్చుంది. మా అత్త, "ఇప్పుడు దారికొచ్చింది" అంది. నేనూ నమ్మాను. నమ్మి, ఎందుకో తెలియదు, కొంచెం దిగులు పడ్డాను.

పాపకు నాలుగేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం అత్త రేషన్ బియ్యానికి, పాప వాళ్ళ నాయన షావుకారు దగ్గరికి వెళ్ళారు. నేను జరీ అంచు పట్టుకుని తల ఎత్తకుండా నేస్తున్నాను. తల ఎత్తేసరికి గుంజ దగ్గర పేలిక ఉంది, పాప లేదు. లేవబోతే భుజం వెనక్కి లాగింది. నా కొంగు గుంజకు కట్టి ఉంది, సరిగ్గా ఆ గాడి దగ్గర, నా ముడితోనే. లాగితే బిగుస్తుందని పుట్టుకతో తెలిసినదాన్ని, అయినా గాభరాలో లాగాను. అది రాయిలా బిగుసుకుంది. వీధిలో ఆటో హారన్ వినిపించింది. చీర విడిచి లంగాతో బయటికి పోలేను, పోకుండా ఉండలేను. పోగులు కత్తిరించే కత్తెర అందుకుని, బట్ట తెగితే ప్రాణం పోయినట్టుండే మా ఇంట్లో, నా కొంగును నేనే తెగ్గోసి పరుగెత్తాను.

వీధి చివర పొడుగునా పడుగు, మగ్గానికెక్కించే నిలువు పోగులు, చాచి ఆరబెడుతున్నారు. పాప చేతులు వెనక్కి కట్టుకుని, పని చూసుకోవడానికి వచ్చిన పెద్దమనిషిలా నిలబడి ఉంది. ఆటో దాని పక్క నుంచే పోయింది. నన్ను చూసి భయపడలేదు, ఆశ్చర్యపోయింది.

"నిన్ను కట్టేసొచ్చినా గదమ్మా, ఎట్లొచ్చినావు?" అంది.

కొట్టాలని ఎత్తిన చెయ్యి దాన్ని ఎత్తుకుంది. పడుగు దువ్వుతున్న ఆమె నా భుజం వైపు చూసి, "ఏమ్మా, కొంగు యాడ పారేసుకున్న్యావు?" అంది. నేను వెంటనే ఇంటికి పోలేదు. పాపను చంకన పెట్టుకుని, మగ్గం అట్లే వదిలేసి, ఆ రంగు పోగులను కాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు నుంచి పాపను కట్టలేదు. అత్త నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు మళ్ళీ గుంతలో కూర్చున్నాను. ఇక్కడి నుంచి తలుపులో వీధిన పోయేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. సాయంత్రం ఆ బూట్లు ఎప్పుడొస్తాయా అని చూస్తుంటాను. ఎట్లొచ్చినావని ఆ రోజు పాప అడిగినదానికి నేను ఇంతవరకూ బదులు చెప్పలేదు. ఏడాదికేడాది దాని వీధి పొడుగవుతూనే ఉంది, నాది ఆ మధ్యాహ్నం ఎంత దూరం పోయానో అక్కడే ఆగి ఉంది.