పాత జీపులో నూనె ఎటు పోయింది

ఫౌజులో బండ్లు నడిపి, బాగుచేసి ఇంటికొచ్చాక ఇక డ్యూటీ లేదనుకున్నాను. ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సమ్మెలో మళ్లీ పడింది. బస్సులు డిపోల్లోనే నిలిచాయి. పొద్దున ఏడింటికి ఎవరిదో మోటారు సైకిలు మీద కోరుట్ల దీక్షా శిబిరం దగ్గర దిగాను. ముసురు. షామియానా కింద జనం, డప్పులు. పక్కన శిబిరంవాళ్లు నాకు అప్పగించిన బండి: ఒక రైతు మిలటరీ వేలంలో కొన్న పాత జీపు. హుకుం ఒక్కటే. చుట్టుపక్కల ఎవరికి ఆపద వచ్చినా జగిత్యాల దవాఖానకు చేర్చాలి.

నాకు తోడు సిరిసిల్ల మరమగ్గాల మిస్త్రీ. అత్తగారింటికి వచ్చి సమ్మెలో చిక్కుకున్నాడు. జీపు కింద నల్లటి మడుగు చూపించాడు.

"అన్నా, గిది ట్రాన్స్‌ఫర్ కేసుల కెల్లి కారుతున్నది. రెండుసార్లు సీలు మార్పిచ్చిండ్రట. అయినా కారుడే."

గేరుబాక్సుకు వెనక ఆనుకొని ఉండే ఇనుప పెట్టె అది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచుతుంది. నూనె బయటికి రాకుండా షాఫ్టు చుట్టూ బిగించే రబ్బరు రింగే సీలు. దానికి డ్రైవరు సీటు పక్కన, గేరు రాడ్డు కాక ఇంకో చిన్న రాడ్డు. అది వేస్తేనే బండి బురదలో నాలుగు కాళ్ల మీద లేస్తుంది.

కిందికి దూరాను. మడుగులో వేలు ముంచి వాసన చూశాను. గేరు నూనే, ఇంజనుది కాదు. దాని నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టు పట్టుకొని పైకీ కిందికీ ఊపాను. టకటకా కొట్టుకుంది.

"బేరింగు అరిగింది మిస్త్రీ. షాఫ్టు గిట్ల ఎగురుతుంటే కొత్త సీలైనా ఎన్నొద్దులుంటది?"

అయినా మనసుకు ఆనలేదు. ఇంత కారితే పెట్టె ఈపాటికి ఎండిపోవాలి. ఎంత మిగిలిందో చూద్దామని పక్కనున్న బిరడా విప్పాను. నూనె మోచేతిదాకా దూకింది!

"ఆగన్నా, ఆగు! కారే పెట్టెల గింత నూనెనా?"

గేరుబాక్సు బిరడా కూడా విప్పి వేలు పెట్టాను. వేలికి తడే తగల్లేదు. దొరికింది! రెండు పెట్టెల నడుమ ఉండే సీలు చచ్చింది. గేరుబాక్సు నూనె ట్రాన్స్‌ఫర్ కేసులోకి పోతోంది. అది నిండి, అరిగిన బేరింగు పక్కనుంచి పొర్లుతోంది.

సంగతి విని శిబిరంలో బీడీలు చుట్టే అవ్వ పకపకా నవ్వింది. "మన నూనె మన పెట్టెల నిలువది, పక్కోడు తాగుతడు. మనం కొట్లాడేది గిందుకే గదర!" డప్పులు దరువేశాయి.

దుకాణాలన్నీ బంద్. సీలు లేదు, బేరింగు లేదు. నూనె మాత్రం ఉంది కదా! ఎక్కువైనదాన్ని గిన్నెలోకి వంపి, మిస్త్రీ రుమాలుతో వడగట్టి, గేరుబాక్సులో పోశాం. చేతులు తుడుచుకుంటుండగానే ఫోను మోగింది. కథలాపూర్ అవతల, వాగు దాటిన తాటివనంలో కల్లుగీసే మనిషి చెట్టు మీంచి పడ్డాడు. కాళ్లు కదలడం లేదు. వాగు చూసి ఆటోలు వెనక్కి పోయాయి.

మేం పోయాం. నడుము వంగకుండా అతన్ని ఎవరింటిదో తలుపు రెక్క మీద కట్టి జీపులోకి ఎక్కించాం. మిస్త్రీ వెనక ఎక్కి ఆ తలుపు రెక్క జారకుండా పట్టుకున్నాడు. పడ్డ మనిషి భార్య నా పక్కన కూర్చుంది. తిరుగుదారిలో, వాగు నడిమధ్యలో, చిన్న రాడ్డు టక్కున గేరులోంచి ఊడింది. ఇంజను అరుస్తోంది, చక్రం తిరగదు. లోపల గేరు పళ్లు కూడా అరిగాయన్నమాట.

"మిస్త్రీ! రాడ్డు పట్టు!"

"తలుపు విడిస్తే మనిషి జారుతడన్నా!"

"నేను పట్టుకుంట," అందామె. "ఎటు గుంజాలె?"

"ఎనక్కి. విడువకు చెల్లే!"

రాడ్డు మళ్లీ వేశాను. ఆమె రెండు చేతులతో పట్టి ఒళ్లంతా వెనక్కి వాల్చింది. జీపు గుర్రంలా ఒడ్డెక్కింది. వెనక నుంచి మిస్త్రీ ఈల వేశాడు. తారు రోడ్డు మీద అంత బలంతో పనిలేదు, రాడ్డును మామూలు గేరుకు మార్చాను. ఇక పట్టే పని లేకున్నా ఆమె మళ్లీ పట్టుకుంది. కోరుట్లలో ఆగి, ట్రాన్స్‌ఫర్ కేసులోకి మళ్లీ చేరిన నూనెను గేరుబాక్సులో పోసుకున్నప్పుడూ ఆమె దిగలేదు.

జగిత్యాలలో డాక్టరు అరికాలు గీకాడు. బొటనవేలు కదిలింది! "టైముకు తెచ్చిండ్రు," అన్నాడు. ఆ మనిషి తర్వాత కర్ర పట్టుకొని నడిచాడు. మేం కోరుట్లకు తిరిగొచ్చేసరికి డప్పులు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

ఇన్నేళ్లయినా నా కళ్ల ముందు నిలిచేది దవాఖాన గేటు. ఇంజను ఆపాను. మనిషిని తలుపు రెక్కతో సహా దించుతున్నారు. ఆమె ఇంకా రాడ్డు పట్టుకునే ఉంది, వేళ్లు తెల్లబడి.

"బండి ఆగింది చెల్లే. ఇగ విడువు."

"మళ్ల ఊడితే?" అంది.